ముల్లు పేరు అడగని వాళ్లం

ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకి తెలుగు చెప్పాను. పదో తరగతికి సామెతలు రాయించేటప్పుడు ఏటా ఒక సామెత తప్పకుండా రాయించేదాన్ని. ముల్లొచ్చి అరిటాకు మీద పడినా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడినా చిరిగేది అరిటాకే. రాయించి ఊరుకోలేదు. ఆడపిల్లల వరస వైపు తిరిగి "అర్థమైందా అమ్మా?" అని అడిగేదాన్ని. వాళ్లు తలలు ఊపేవారు. మగపిల్లల వరస వైపు ఒక్కసారీ తిరగలేదు. ఆ సామెతలో వాళ్లు నేర్చుకోవలసింది కూడా ఉందని నాకు తోచనే లేదు.

మా ఇల్లు విశాఖపట్నం మద్దిలపాలెంలో, ఆర్టీసీ డిపోకి కూతవేటు దూరం. 2006 డిసెంబరులో ఒక సాయంత్రం, నా దగ్గర పదో తరగతి చదువుతున్న పిల్ల మా ఇంటికి వచ్చింది. నోటుపుస్తకం ఇచ్చి వెళ్దామని వచ్చానంది. ఇచ్చాక వెళ్లలేదు. గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంది, విప్పింది, మళ్లీ వేసుకుంది. చివరికి తల దించుకుని నాలుగు మాటలు చెప్పింది. ఆ నాలుగు మాటలు ఇక్కడ రాయను. అవి తనవి. నేను బయటపెట్టవలసినవి నా మాటలు.

ఎప్పుడు జరిగింది? ఆ వేళప్పుడు అక్కడికెందుకెళ్లావు? ఒక్కదానివే వెళ్లావా? అరవలేదా? ఇన్ని రోజులూ ఎందుకు ఊరుకున్నావు? ఇంకెవరికైనా చెప్పావా? నెల తప్పలేదు కదా?

ఏడు ప్రశ్నలు. చివరిదానికి తప్ప ఒక్కదానికీ ఆ పిల్ల తిన్నగా జవాబు చెప్పలేకపోయింది. చెప్పలేకపోతోంది కాబట్టి ఏదో దాస్తోందనుకున్నాను. మజ్జిగ కలిపి ఇచ్చాను. "ఎవరికీ చెప్పకు తల్లీ, నీ మంచికే చెబుతున్నాను" అన్నాను. "సరే టీచర్" అంది. గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్లింది.

మర్నాడు బడికొచ్చింది. రెండో పీరియడులో పక్కపిల్ల ఏదో అంటే నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి నా గుండె తేలికపడింది. నిజంగా అంత ఘోరం జరిగి ఉంటే నవ్వుతుందా అనుకున్నాను. పదో తరగతి గట్టెక్కింది. ఇంటర్లో చేరి మధ్యలో మానేసిందని రెండేళ్ల తరవాత ఎవరో అన్నారు. ఎందుకు మానేసిందో నేను వాకబు చెయ్యలేదు.

ఇది నా ఒక్కదాని తప్పే అయితే నాలోనే పెట్టుకుని పోయేదాన్ని. కానీ ఆ ఏడు ప్రశ్నలు నేను కనిపెట్టినవి కావు. మా స్టాఫ్ రూమ్‌లో అవే ప్రశ్నలు. పొద్దున యూనివర్సిటీ గ్రౌండులో నడిచే మా ఏడెనిమిది మంది ఆడవాళ్ల మధ్యా అవే. వినాయకచవితి పందిట్లో, అపార్ట్‌మెంటు మీటింగుల్లో, జంక్షన్‌లో పేపరు పంచుకుని చదివే టీకొట్టు దగ్గర కూడా అవే. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ "ఆ ఏలప్పుడు ఆ గుంటకి అక్కడేటి పని?" అని ఒకరంటే, "అరిస్తే ఎవులైనా రారేటి?" అని ఇంకొకరు. నేను వాళ్ల యాసని దిద్దేదాన్ని. ఆ మాటని దిద్దలేదు. చదువుకున్నవాళ్లం శుభ్రమైన భాషలో అడిగాం, చదువుకోనివాళ్లు ఉన్నదున్నట్టు అడిగారు. అంతకు మించి తేడా లేదు. అందుకే ఇకమీద "మేం" అనే రాస్తాను. ఆ మాట చాటున దాక్కోవడానికి కాదు. ఆ "మేం"లో మొదటిదాన్ని నేనే.

ఆ వేళప్పుడు ఎందుకెళ్లావు అని అడిగాం. 2020 మే 7 తెల్లవారుజామున మా ఊళ్లోనే, ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు లీకైంది. నిద్దట్లో ఉన్నవాళ్లు ఉన్నచోటే కూలిపోయారు, పన్నెండు మంది చనిపోయారు. ఆ వేళప్పుడు ఆ ఊళ్లో ఎందుకు పడుకున్నారని మాలో ఒక్కరూ అడగలేదు. ట్యాంకు ఎవరిది, కాపలా ఎవరిది, సైరన్ ఎందుకు మోగలేదు అని అడిగాం. సరైన ప్రశ్న ఎవరిని అడగాలో మాకు తెలుసన్నమాట. తెలిసీ, ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిని పక్కన పెట్టేశాం.

ఆ ప్రశ్న కింద ఒక నమ్మకం ఉంది. ఈ ఘోరాలు చీకట్లో, ఊరి చివర, ముక్కూమొహం తెలియనివాడు చేస్తాడని. జాతీయ నేర గణాంకాల సంస్థ 2021 లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. ఆ ఏడాది దేశంలో నమోదైన అత్యాచార కేసులు 31,677. నూటికి 96 కేసుల్లో నిందితుడు ఆమెకి ముందే తెలిసినవాడు. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పని ఇచ్చినవాడు, పెళ్లాడతానన్నవాడు. మేం ఆడపిల్లల్ని చీకటి నుంచి కాపాడుతున్నామనుకుంటూ ఏడు గంటలకల్లా ఇంటికి రమ్మన్నాం. ఇంట్లో, పక్కింట్లో, ట్యూషన్లో, పెళ్లివారింట్లో ఎవరున్నారో చూసుకోలేదు. చూడమని అడిగిన పిల్లలకి "పెద్దాయన గురించి అలా అనకూడదు" అని చెప్పాం.

ఒక్కదానివే వెళ్లావా అని అడిగాం. తోడుంటే ఏమీ కాదన్న ధీమాతో అడిగాం. 1978 మార్చి చివర్లో హైదరాబాదులో ఒకామె రాత్రి సినిమా చూసి భర్తతో కలిసే ఇంటికి వెళ్తోంది. నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం జరిగింది. అడ్డం వచ్చిన భర్త, రిక్షా లాగి బతికే మనిషి, దెబ్బలకి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులదే నేరమని తేల్చింది. ఆ విచారణ సాగినన్నాళ్లూ పోలీసుల తరఫున వినిపించిన వాదన ఒక్కటే. ఆమె మంచిది కాదు, ఒళ్లమ్ముకునే మనిషి అని. కేసు రాయచూరు కోర్టుకి బదిలీ అయింది. 1981లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టంలో చేర్చింది 1983లో. ఆమె పేరు మాత్రం అప్పటికే ఊరూరా పాకిపోయింది. ఆ పేరు నేనిక్కడ రాయను. పుస్తకాలకి ఎక్కింది కదా అనుకున్నా నా చెయ్యి రాదు.

అప్పట్లో నేను కాలేజీలో ఉన్నాను. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ వార్తలు చదివి "ఎలాంటిదో ఏమో" అనుకోవడం విన్నాను. ఎలాంటిదైతే మాత్రం? ఒళ్లమ్ముకుని బతికే మనిషికి వద్దు అనే హక్కు లేదా? ఆ ప్రశ్న అప్పుడు నాకు పుట్టలేదు. మంచి ఆడదానికైతేనే అన్యాయం జరిగినట్టు, తక్కినవాళ్లకి జరిగేది వాళ్ల ఖర్మ అన్నట్టు పెరిగాం. శీలం అన్న కొలపాత్ర చేతపట్టుకుని, కొలతకి తూగినవాళ్ల కన్నీళ్లే కన్నీళ్లన్నాం.

అరవలేదా అని అడిగాం. తెలుగు పంతులమ్మగా నేను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడేది ఈ ప్రశ్నకే. ఎందుకంటే దీనికి జవాబు నా భాషలోనే ఉంది. కొయ్యబారిపోయాను అంటాం. నోట మాట రాలేదంటాం. కాళ్లూ చేతులూ ఆడలేదంటాం. నాలుక పిడచకట్టుకుపోయిందంటాం. పాముని తొక్కబోయి ఆగినవాడు అంటే నమ్ముతాం. హైవే మీద లారీ మీదికొచ్చి త్రుటిలో తప్పినవాడు అంటే నమ్ముతాం. ప్రాణభయం ముంచుకొచ్చినప్పుడు ఒళ్లు తన మాట తానే వినదని మన తాతముత్తాతలు ఇన్ని మాటల్లో దాచి ఇచ్చారు. ఆ మాటలు తరగతిలో జాతీయాల కింద రాయించినదాన్ని, గుమ్మంలో నిలబడ్డ పిల్లకి అందులో ఒక్కటీ వర్తింపజెయ్యలేదు. స్వీడన్‌లో, స్టాక్‌హోమ్ నగరంలో అత్యాచారం జరిగాక ఆసుపత్రికొచ్చిన 298 మంది ఆడవాళ్లని పరిశోధకులు అడిగితే, నూటికి 70 మంది ఆ సమయంలో తాము బిగుసుకుపోయామనే చెప్పారు. ఆ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. మన వాడుకభాషకి ఎప్పటినుంచో తెలిసిన సంగతి అది.

ఈ ఒక్క అపోహ మన దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా ఎక్కి కూర్చుంది. మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలిక మీద పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిందన్న కేసులో, ఒంటి మీద గాయాల్లేవు, పెనుగులాడిన గుర్తుల్లేవు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్ని వదిలేసింది. మరుసటి ఏడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, ఆ తీర్పుని తప్పుపడుతూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని వాళ్లు గట్టిగా చెప్పారు. 1983లో చట్టం మారడానికి ఆ లేఖ ఒక కారణం. 2012 ఢిల్లీ ఘటన తరవాత, 2013లో వచ్చిన సవరణ ఇంకా స్పష్టంగా చెప్పింది. ఎదురు తిరగలేదు కాబట్టి ఇష్టపడిందని అనుకోవడానికి వీల్లేదు. ఆ నలుగురూ పాఠాలు చెప్పుకునేవాళ్లే. నేనూ పాఠాలు చెప్పుకునేదాన్నే. వాళ్లు దేశంలోని పెద్ద కోర్టుని ప్రశ్నించారు. నేను పద్నాలుగేళ్ల పిల్లని ప్రశ్నించాను.

ఎప్పుడు జరిగింది అన్నది చూడటానికి అమాయకమైన ప్రశ్నే. ఆ పిల్ల ఒకసారి శనివారం అంది, ఇంకోసారి ఆదివారమేమో అంది. అక్కడే నాకు అనుమానం మొదలైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద విరుచుకుపడినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. కిటికీ అద్దాలు ముందు పగిలాయో, డాబా మీద ట్యాంకు ముందు ఎగిరిపోయిందో ఈనాటికీ చెప్పలేను. మావారు ఒకలా చెబుతారు, నేను ఒకలా చెబుతాను. గాలి చేసిన ఈల శబ్దం మాత్రం చెవిలో అలాగే ఉంది. అయితే తుపాను రాలేదని ఎవరైనా అంటారా? భయంలో మనసుకి ఒక వాసనో, ఒక చప్పుడో అంటుకుపోతుంది, వరస చెదిరిపోతుంది. నాకు ఆ సంగతి తుపాను నేర్పింది. అప్పటికి ఆ పిల్ల నా గుమ్మం దిగి ఎనిమిదేళ్లయింది.

ఇన్ని రోజులూ ఎందుకు ఊరుకున్నావు అని అడిగాం. వెంటనే చెప్పి ఉంటే నమ్మేవాళ్లమన్నట్టు అడిగాం. వెంటనే చెప్పినవాళ్లని ఏం చేశామో ఇప్పుడు చెబుతాను.

2007 ఆగస్టు 20. అప్పటి మా విశాఖ జిల్లాలోనే, జి.మాడుగుల మండలంలో వాకపల్లి అనే కొండవూరు. కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ ఆడవాళ్లు చెప్పారు. ఊరుకోలేదు. అదే రోజు కొండ దిగి పాడేరు వచ్చి చెప్పారు. రాత్రి పూట ఎక్కడికో వెళ్లినవాళ్లు కాదు, సొంత ఊళ్లో ఉన్నవాళ్లు. ఒక్కరు కాదు, పదకొండు మంది. మా ఏడు ప్రశ్నల్లో సగం వాళ్ల దగ్గర చెల్లవు. అయినా ప్రభుత్వం, పోలీసు శాఖ అదంతా అబద్ధమన్నాయి, మావోయిస్టులు ఆడించిన ఆట అన్నాయి. మేమూ మా స్టాఫ్ రూమ్‌లో అదే మాట అనుకున్నాం. "అన్నలు చెప్పమంటే చెప్పుంటారు." సంతకాలు సేకరిస్తూ ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. ఉద్యోగాలున్నవాళ్లం, మాకెందుకమ్మా అన్నాం. నేను కలం తీసి, మూత తెరిచి, మళ్లీ మూసేశాను. నా గుమ్మంలో పిల్ల నిలబడి వెళ్లి అప్పటికి ఇంకా ఏడాది కాలేదు.

మాకు ఆలస్యం ఒక సాకు మాత్రమే. ఆలస్యంగా చెబితే ఎందుకు ఆలస్యమన్నాం, అదే రోజు చెబితే ఎవరు చెప్పించారన్నాం. ఏడిస్తే నటన అన్నాం. ఏడవకపోతే ఏమీ జరగలేదన్నాం. నవ్వితే చూశారా అన్నాం. ఏం చేస్తే నమ్ముతామో మాకే తెలియదు. నమ్మకూడదని ముందే ఒట్టేసుకున్నవాళ్లలా ఉన్నాం.

ఇంకెవరికైనా చెప్పావా అని అడిగింది ఆ పిల్లకి తోడెవరైనా ఉన్నారేమోనని కాదు. మాట ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి. పరువు కోసం. మనం వాడిన మాటలే చూడండి. అత్యాచారం అంటే చేసినవాడి ఆచారం గురించిన మాట. బలాత్కారం అంటే వాడు చూపించిన బలం గురించిన మాట. ఇళ్లలో మేం ఆ మాటలు వాడలేదు. మానభంగం అన్నాం, చెడిపోయింది అన్నాం, పాడైపోయింది అన్నాం, బతుకు బుగ్గైపోయింది అన్నాం. నేరం చేసినవాడు వాక్యంలోంచే తప్పించుకుపోయాడు. చెడిపోవడమొక్కటే మిగిలింది, అదీ ఆమె వాటాకి. ఇంట్లో దొంగతనం జరిగితే ఇల్లు నీతి తప్పిందని అనం. ఒక మనిషి శరీరం మీద దాడి జరిగితే ఆ మనిషి మానం పోయిందన్నాం. నేను వ్యాకరణం చెప్పినదాన్ని. కర్త లేని ఆ వాక్యాలు ముప్పై ఏళ్లు నా చెవిన పడ్డాయి, ఒక్కటీ ఎర్రసిరాతో దిద్దలేదు.

పోయిన మానాన్ని తిరిగి తేవడానికి పెద్దమనుషులు పంచాయితీలు పెట్టారు. వాడికే ఇచ్చి పెళ్లి చేసేద్దాం అన్నారు. అది న్యాయమని మేం తలూపాం. అత్యాచారం కేసులో రాజీలకీ, పెళ్లి ఒప్పందాలకీ చోటు లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పేదాకా అందులో తప్పేముందో మా వీధిలో ఒక్కరూ అడగలేదు. తనని గాయపరిచినవాడి పక్కన జన్మంతా పడుకోమని చెప్పి, దానికి కన్యాదానం అని పేరు పెట్టాం.

నెల తప్పలేదు కదా అన్నది చివరి ప్రశ్న. ఆ పిల్ల "లేదు టీచర్" అంది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యని ఈనాటికీ మింగలేకపోతున్నాను. కడుపు రాకపోతే, రక్తం కనబడకపోతే ఏమీ కానట్టే అనుకున్నాం. ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి రెండు వేళ్ల పరీక్ష చేశారు. ఆమె కన్య అవునా కాదా తేల్చి, దాన్నిబట్టి మాట నిజమా కాదా తేల్చాలని చూశారు. అది ఆమె హక్కుల మీద దాడి అని 2013లో సుప్రీంకోర్టు అంది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ చెయ్యవద్దంది. అయినా ఆగలేదు కాబట్టే 2022 అక్టోబరు 31న మళ్లీ సుప్రీంకోర్టు, ఆ పరీక్ష చేసినవాళ్లది దుష్ప్రవర్తన అవుతుందని చెప్పవలసి వచ్చింది. నేను ఏ పరీక్షా చెయ్యలేదు, నిజమే. నా చివరి ప్రశ్న మాత్రం ఆ రెండు వేళ్లకి చుట్టమే.

ఇక మగపిల్లలు. వాళ్లని ఈ ఏడు ప్రశ్నలు కూడా అడగలేదు. మగపిల్లాడికి ఇలాంటిది జరుగుతుందన్న ఊహే లేదు మాకు. పోక్సో చట్టం 2012లో వచ్చినప్పుడు అందులో ఆడ, మగ తేడా లేకుండా పిల్లలందరినీ చేర్చారు. ఏడో తరగతిలో ఉన్నట్టుండి మౌనంగా మారిపోయిన మగపిల్లల్ని నేను ఎంతమందిని చూశానో. సోమరితనం అని ప్రోగ్రెస్ కార్డులో రాశాను. అదే పోక్సో చట్టం, పిల్లలకి ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్లు చెప్పి తీరాలంటుంది. దాచిపెట్టడమూ నేరమే. నా కథ ఆ చట్టానికి ఆరేళ్ల ముందుది. మనసుకి చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పనేముంది?

మాకు కోపం రాలేదని అనను. వచ్చింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరానికి మద్దిలపాలెం జంక్షన్‌లో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. డిసెంబరు 6న నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారన్న వార్త రాగానే మా వీధిలో మిఠాయిలు పంచారు. నేనూ ఒకటి తీసుకుని తిన్నాను. పోలీసులు చెప్పిన ఎన్‌కౌంటర్ కథ నమ్మదగ్గది కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. అప్పుడు మా వీధిలో ఎవరూ నోరు మెదపలేదు. శంషాబాద్ ఘటనకి మూడు రోజుల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత మహిళ మీద అత్యాచారం చేసి, ఆమెని చంపేశారు. ఆమె కోసం మేం కొవ్వొత్తి వెలిగించలేదు. ఆదిలాబాద్ కోర్టు 2020 జనవరి 30న ముగ్గురు నేరస్తులకి శిక్ష వేసినప్పుడు గానీ మాలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మా కోపానికి కూడా కులం ఉంది, చదువు ఉంది, జీతం ఉంది. ఆ కోపం వల్ల మాకు ఒక సుఖం దొరికింది. రాక్షసులు నలుగురు, వాళ్లు చచ్చారు, మన ఇళ్లలో అంతా బాగానే ఉందని నిద్రపోయాం.

2023 ఏప్రిల్ 7 ఉదయం పేపరు తెరిచాను. వాకపల్లి కేసులో విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం ముందురోజు తీర్పు చెప్పింది. హైకోర్టుకి వెళ్లి, సుప్రీంకోర్టుకి వెళ్లి, పదిహేనేళ్లు దాటాక వచ్చిన తీర్పు. ఆ ఆడవాళ్లు కొండల్లోంచి మా ఊరికి వచ్చి సాక్ష్యం చెప్పారు. సాక్ష్యం చెప్పడానికి వాళ్లు మా ఊరు వచ్చిన రోజుల్లో ఎప్పుడో ఒకసారి సిటీబస్సులో నా పక్కనే నిలబడ్డారేమో కూడా. పదమూడు మంది పోలీసులనూ కోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు చేసిన అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది. ఆ ఆడవాళ్లకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. దర్యాప్తులో జరగకపోయినవాటిలో ఒకటి గుర్తింపు పరేడ్. అంటే అనుమానితుల్ని మరికొందరితో కలిపి వరసలో నిలబెట్టి, వీళ్లలో ఎవరు అని బాధితుల్ని అడగడం.

చదువుతూ చదువుతూ అక్కడే ఆగిపోయాను. పదకొండు మంది ఆడవాళ్లని దేశమంతా ఎన్ని ప్రశ్నలు అడిగింది! ఎవరు పంపారు, ఎందుకు చెబుతున్నారు, గాయాలేవి, రుజువేది. ఎవరు అని మాత్రం అడగవలసినవాళ్లు అడగలేదు.

పేపరు పక్కన పెట్టి నా ఏడు ప్రశ్నలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మళ్లీ లెక్కపెట్టుకున్నాను. అందులో "ఎవరు?" అన్నది లేదు. పద్నాలుగేళ్ల పిల్ల నా గుమ్మంలో నిలబడి ఒకడు తనని ఏం చేశాడో చెబితే, వాడెవడని నేను అడగనే లేదు. భయపడి అడగలేదో, తెలుసుకుంటే ఏదైనా చెయ్యాల్సి వస్తుందని అడగలేదో, ఆ ప్రశ్న నిజంగానే తట్టలేదో ఇప్పుడు చెప్పలేను. మూడూ ఒకటే. వాడు ఆ తరవాత కూడా మా వీధుల్లోనే తిరిగి ఉంటాడు. వాడికి నేను నమస్కారం పెట్టి ఉండవచ్చు. వాడి చేతికి ఇంకో పిల్ల చిక్కి ఉంటే, ఆ పాపంలో నాకు వాటా ఉంది. ఈ మాట అలంకారానికి రాయడం లేదు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. 2017 అక్టోబరులో ఒక ఆదివారం పట్టపగలు, విశాఖ రైల్వేస్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద, దిక్కులేక చెట్టు కింద కూర్చున్న ఒక మహిళ మీద అత్యాచారం జరిగింది. జనం అటూ ఇటూ నడిచి వెళ్లారు. చూశారు, వెళ్లిపోయారు. ఒక ఆటో డ్రైవర్ ఫోన్‌లో వీడియో తీశాడు. ఆ వీడియోతోనే సంగతి లోకానికి తెలిసింది. నిందితుణ్ణి పట్టుకున్నారు. ఎంత కిరాతకులు ఈ జనం, ఒక్కరైనా ఆగలేదని మా నడక బృందంలో అందరం నోళ్లు నొక్కుకున్నాం. నేను అందరికన్నా ఎక్కువ తిట్టాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ తిట్టే అర్హత నాకు లేదు. ఏటా వందమంది చొప్పున ముప్పై ఒక్క ఏళ్లు. ఈ ఊళ్లో మూడు వేల మందికి పైగా నా దగ్గర ఆ సామెత రాసుకున్నారు. వాళ్లలో కానిస్టేబుళ్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, ఆటోలు నడిపేవాళ్లు ఉన్నారు, స్టీల్ ప్లాంటులో షిఫ్టుకి వెళ్లేవాళ్లు ఉన్నారు. చిరిగేది అరిటాకే, అందుకని ఆకే జాగ్రత్తగా ఉండాలి, ముల్లు ముల్లే అని నేర్చుకుని వెళ్లారు. ఆ ఆదివారం ఆ ఫుట్‌పాత్ మీద నడిచిపోయినవాళ్లలో నా విద్యార్థి ఒక్కరూ లేరని నేను ప్రమాణం చెయ్యలేను. ఉండి, చూసి, వెళ్లిపోయి ఉంటే, వాళ్లు నేను చెప్పిన పాఠమే పాటించారు.

ఇప్పుడు నాకు కొన్ని సంగతులు తెలుసు. ఏ పోలీస్ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు తీసుకోవాలని తెలుసు. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం చెయ్యాలని తెలుసు. 181కి ఫోన్ చెయ్యవచ్చని తెలుసు. కేజీహెచ్ ఆసుపత్రిలో సఖి వన్‌స్టాప్ కేంద్రం మా ఇంటికి ఒక సిటీబస్సు దూరమేనని తెలుసు. ఇవన్నీ ఎవరో దాచి ఉంచిన రహస్యాలు కావు. బంగారం ధర రోజూ తెలుసుకున్నాం, ప్లాటు ధర తెలుసుకున్నాం. ఒక పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడితే ఎక్కడికి తీసుకెళ్లాలో మాత్రం తెలుసుకోలేదు. తెలియక కాదు, తెలుసుకోవాలనిపించక.

నా దగ్గర చదువుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక మాట. ఆ పాత నోటుపుస్తకం ఇంకా ఉంటే ఆ సామెత కొట్టెయ్యకండి. మనం ఎలా ఆలోచించామో దానికి అదే సాక్ష్యం. దాని కింద నా పేరు రాసి, టీచర్ తప్పు చెప్పింది అని రాయండి. మీ పిల్లలకి, ముఖ్యంగా మగపిల్లలకి, చూపించండి.

ఇక ఆ పిల్ల. ఇప్పుడు తన వయసు ముప్పై దాటి ఉంటుంది. క్షమాపణ చెప్పడానికి తన కోసం వెతకాలనుకున్నాను. మానుకున్నాను. నా బరువు దించుకోవడానికి తన గుమ్మం తొక్కే హక్కు నాకు లేదు. ఎప్పుడైనా ఇది తన కంటపడితే మాత్రం ఈ నాలుగు వాక్యాలు తనకి.

అమ్మా, తప్పు నీది కాదు. ఆ రోజు నువ్వు అరవకపోవడమూ, ఆలస్యం కావడమూ, మర్నాడు నవ్వడమూ ఏదీ తప్పు కాదు. నేను అడగని ఆ ఒక్క ప్రశ్నకి జవాబు కూడా ఇప్పుడు నీ ఇష్టం, చెప్పినా చెప్పకపోయినా. నేను నమ్మడానికి ఆ రోజు నువ్వు చెప్పిన నాలుగు మాటలే సరిపోయి ఉండాల్సింది.